రెండు నెలలకే క్రిమి కనబడకపోతే ఆరు నెలల మందు ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. ఊపిరితిత్తుల క్షయ అని తేలడంతో ప్రభుత్వ ఆసుపత్రి వారిచ్చిన మాత్రలు వాడుతున్నాడు. రేపటికి రెండు నెలలు నిండుతాయి. జ్వరం, దగ్గు పూర్తిగా పోయాయి. 45 కిలోలు ఉన్నవాడు 51 కిలోలకు వచ్చాడు. మొన్నటి తెమడ పరీక్షలో క్రిములు కనబడలేదన్నారు. ఇక ఈ మాత్రలు ఎందుకని అడుగుతున్నాడు. నేను బీఎస్సీలో మైక్రోబయాలజీ చదివాను. మందు తగలగానే క్షయ క్రిమి తన జీవక్రియను మార్చుకుంటుందనీ, అలా నెమ్మదించిన క్రిమి మీద మందు పనిచేయదనీ, అది మన ఒంట్లోని కొవ్వునూ కొలెస్టరాల్‌నూ తిని బతుకుతుందనీ ఈమధ్య చదివాను. అలాగైతే మిగతా నాలుగు నెలల మందు వృథాయేనా? మేము రోజూ పెడుతున్న గుడ్లు, నెయ్యి ఆ క్రిమికే మేతవుతున్నాయా? విటమిన్ సి క్షయ క్రిమిని చంపుతుందని ఒకరు చెప్పారు, ఇవ్వవచ్చా? తమ్ముడికి మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. ఇంట్లో నాకు నాలుగేళ్ల పాప ఉంది.
— ఒక సోదరి, ఒంగోలు

సమాధానం: అమ్మా, ముందు జవాబు చెప్పి తర్వాత కారణాలకు వస్తాను. మీ తమ్ముడు ఒక్కరోజు కూడా మందు మానకూడదు. గుడ్డూ నెయ్యీ మానిపించకూడదు. మీరు చదివిన మూడు సంగతుల్లో మొదటిదీ చివరిదీ నిజాలే. నడుమది మాత్రం సగమే నిజం. నెమ్మదించిన క్రిమి మీద మందు పనిచేయకపోవడం కాదు, చాలా ఆలస్యంగా పనిచేస్తుంది. మిగిలిన నాలుగు నెలలు పెట్టింది ఆ ఆలస్యం కోసమే.

నేను చాలా ఏళ్లు క్షయ క్రిమిని పెంచి పరీక్షించే ప్రయోగశాలలో పనిచేశాను. ఆ క్రిమి నిదానం ఎలాంటిదో అక్కడ పనిచేసినవారికి ఒంటబడుతుంది. మన పేగుల్లో ఉండే ఈ. కోలి వంటి బాక్టీరియా, అనువైన చోట దాదాపు 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. క్షయ క్రిమికి అదే పనికి దాదాపు 20 గంటలు పడుతుంది. సాయంత్రం వేసిన ఈ. కోలి పొద్దున్నకల్లా గిన్నెనిండా పెరిగి కనబడితే, క్షయ క్రిమి కోసం మూడు నుంచి ఎనిమిది వారాలు ఎదురుచూడాలి. నేడు క్రిమిని పెంచడానికి వాడే ద్రవ మాధ్యమపు (క్రిమికి ఆహారమైన ద్రవం) గొట్టాల అడుగున ఆక్సిజన్ తగ్గినప్పుడు వెలిగే పదార్థం ఒకటి ఉంటుంది. క్రిమి ఊపిరి పీల్చి ఆక్సిజన్‌ను వాడుకుంటే ఆ వెలుగును యంత్రం పసిగడుతుంది. అంటే మేము క్రిమిని చూడము, దాని జీవక్రియను చూస్తాము. 42 రోజులు చూసి, అప్పటికీ వెలుగు రాకపోతేనే ‘పెరుగుదల లేదు’ అని రాస్తాము. మీ తమ్ముడికి చేసిన తెమడ పరీక్ష దీనికంటే మొరటుది. మిల్లీలీటరు తెమడలో ఐదు వేల నుంచి పది వేల క్రిములు ఉంటే తప్ప సూక్ష్మదర్శిని కింద అవి దొరకవు. కనబడలేదంటే చాలా తగ్గాయని అర్థం. అది సంతోషించవలసిన సంగతే. కానీ లేవని అర్థం కాదు.

ఇక మందులు ఏం చేస్తాయో చూద్దాం. మీరు సూక్ష్మజీవశాస్త్రం చదివారు గనుక కొంచెం లోతుగానే చెబుతాను. యాంటీబయాటిక్ అంటే క్రిమి మీద పోసిన విషం అనుకుంటాము. నిజానికి అది క్రిమి చేస్తున్న ఏదో ఒక పనిని పట్టుకుని, ఆ పని ద్వారా చంపుతుంది. ఆ పని జోరుగా సాగుతున్న క్రిమి త్వరగా చస్తుంది. ఆ పని ఆపిన క్రిమి ఆలస్యంగా చస్తుంది.

మీ తమ్ముడి మాత్రల్లో కలిసి ఉన్న నాలుగు మందులు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్, పైరాజినమైడ్. వీటిలో ఐసోనియజిడ్ ఇందుకు అన్నిటికంటే మంచి ఉదాహరణ. 1912లో ప్రాగ్ నగరంలో ఇద్దరు రసాయన శాస్త్ర విద్యార్థులు దీన్ని తయారుచేసి పక్కన పెట్టేశారు. అది క్షయకు మందని ప్రపంచానికి తెలిసేసరికి 1952 వచ్చింది. నలభై ఏళ్లపాటు సీసాలో ఉన్న మందును తలుచుకుంటే, ఆ కాలంలో క్షయతో పోయినవారి కోసం నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఈ మందు లోపలికి వెళ్లినప్పుడు దానంతట అది నిరపాయమైనదే. క్షయ క్రిమిలో క్యాట్‌జీ అనే ఎంజైము ఉంటుంది. మన తెల్లరక్తకణాలు క్రిమి మీదికి వదిలే పెరాక్సైడును విరిచి, క్రిమిని కాపాడటం దాని అసలు పని. ఆ ఎంజైమే ఐసోనియజిడ్‌ను పట్టుకుని మార్చి, చురుకైన రూపంలోకి తెస్తుంది. ఆ రూపం క్రిమి జీవక్రియలో ఎలక్ట్రాన్లను మోసే ఎన్ఏడీ అణువుతో అతుక్కుంటుంది. అలా అతుక్కున్న జంట వెళ్లి ఇన్హ్‌ఏ అనే మరో ఎంజైమును అడ్డగిస్తుంది. ఇన్హ్‌ఏ లేకపోతే మైకోలిక్ ఆమ్లాలు తయారుకావు. 60 నుంచి 90 కార్బన్ల పొడవుండే ఈ మైనపు ఆమ్లాలే క్షయ క్రిమికి కవచం. మామూలు రంగులు దానికి పట్టకపోవడానికీ, మన రక్షక కణాల్లోపల కూడా అది బతకగలగడానికీ ఇవే ప్రధాన కారణం. తన కవచాన్ని తాను అల్లుకుంటూ పెరుగుతున్న క్రిమికి ఆ అల్లిక మధ్యలో తెగిపోతే చావు తప్పదు. చికిత్స మొదలైన తొలి రెండు మూడు రోజుల్లో తెమడలోని క్రిముల సంఖ్య ఒక్కసారిగా పడిపోయేది ప్రధానంగా ఈ మందు వల్లనే.

ఇప్పుడు రెండో వైపు చూడండి. పెరగడం ఆపిన క్రిమి కొత్త కవచం అల్లదు. అల్లనిదానికి అల్లిక తెగదు. క్యాట్‌జీ తక్కువగా ఉన్న క్షణంలో మందు ఎదురైన క్రిమి, మందును చురుకైన రూపంలోకి మార్చదు. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో క్షయ క్రిమికి దగ్గరి బంధువైన, అపాయం లేని ఒక మైకోబాక్టీరియా మీద ఐసోనియజిడ్‌ను ప్రయోగించి, ఒక్కొక్క కణాన్నీ రోజుల తరబడి సూక్ష్మదర్శిని కింద గమనించారు. ఒకే తల్లికి పుట్టిన, ఒకే జన్యువులున్న కణాల్లో ఈ ఎంజైము ఆగి ఆగి, తెరలు తెరలుగా తయారవుతోందని తేలింది. ఆ తెర తమ మీదికి రాని కణాలు మిగిలాయి. అవి మందుకు నిరోధకత తెచ్చుకున్నవి కావు. వాటి సంతానానికి మళ్లీ అదే మందు వేస్తే మామూలుగానే చస్తుంది. ఈ తేడాను మీరు మీ తమ్ముడికి చెప్పగలిగితే సగం పని అయినట్టే. నిరోధకత అంటే జన్యువు మారడం. అది తరతరాలకూ దిగుతుంది. మందును ఓర్చుకోవడం అంటే జీవక్రియ తాత్కాలికంగా మారడం. అది కొంతకాలానికి పోతుంది. రెండోదానికి విరుగుడు సమయమే. మందును నడుమ ఆపితే ఈ మిగిలినవి మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. అలా పెరిగే కోట్లాది కణాల్లో ఎక్కడో జన్యువు మారినది పుడుతుంది.

అసలు నిరోధకత కూడా జీవక్రియకు సంబంధించిన బేరమే. ఐసోనియజిడ్‌ను తట్టుకునే క్రిముల్లో తరచూ కనబడే మార్పు క్యాట్‌జీలోని 315వ స్థానంలో ఉంటుంది. ఆ ఎంజైమును పూర్తిగా వదులుకుంటే మందు నుంచి తప్పించుకోవచ్చు గానీ, మన తెల్లరక్తకణాల పెరాక్సైడుకు దొరికిపోతుంది. 315వ చోటి మార్పు మందును చురుకైన రూపంలోకి తేవడాన్ని బాగా తగ్గించి, పెరాక్సైడును విరిచే శక్తిని చాలావరకు నిలుపుకుంటుంది. అందుకే ఆ ఒక్క మార్పే దేశదేశాల్లో అంతగా వ్యాపించింది.

రిఫాంపిసిన్ దారి వేరు. అది జన్యువుల్లోని సమాచారాన్ని ఆర్ఎన్ఏగా నకలు రాసే ఎంజైమును పట్టుకుంటుంది. ఎంత నిద్రలో ఉన్న క్రిమి అయినా బతికి ఉండాలంటే అప్పుడప్పుడూ కొంత ఆర్ఎన్ఏ రాసుకోక తప్పదు. అలా కొద్దిసేపు కదిలిన క్రిమిని కూడా ఈ మందు పట్టుకోగలదు. ఆరు నెలలూ దీన్ని కొనసాగించడానికి ముఖ్య కారణం అదే. ఇథాంబ్యుటాల్ కవచం కింది పొరలోని అరబినోజ్ చక్కెరల గొలుసులను అల్లనివ్వదు. తోడు మందులకు నిరోధకత పుట్టకుండా కాపలా కాయడం దాని ప్రధానమైన ఉపయోగం.

పైరాజినమైడ్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. మామూలు మాధ్యమంలో క్షయ క్రిమి మీద ఇది దాదాపు పనిచేయదు. మాధ్యమాన్ని పుల్లగా, అంటే ఆమ్లంగా మార్చితేనే పనిచేస్తుంది. దీన్ని కూడా క్రిమిలోని ఎంజైమే పైరాజినోయిక్ ఆమ్లంగా మారుస్తుంది; ఆ ఎంజైము లేని పశువుల క్షయ క్రిమికి ఈ మందు పుట్టుకతోనే పనికిరాదు. ఆ ఆమ్లం క్రిమిలో కోఎంజైమ్-ఏ తయారీకి తొలిమెట్టయిన ఒక ఎంజైమును దెబ్బతీస్తుందని ఇటీవలి పరిశోధనలు చూపాయి. కొవ్వును కరిగించుకుని తినాలన్నా, కొత్త కొవ్వు కట్టుకోవాలన్నా కోఎంజైమ్-ఏ లేనిదే జరగదు. వాపు ఉన్న చోట, ఆమ్లం పేరుకున్న చోట మందకొడిగా బతుకుతున్న క్రిములను ఈ మందు చంపగలుగుతుంది. ఇతర మందులు పెరిగే క్రిములను ముందు చంపుతుంటే, ఇది నెమ్మదించిన వాటి మీద పనిచేస్తుంది. ఒకప్పుడు తొమ్మిది నెలలు పట్టిన చికిత్స ఆరు నెలలకు దిగింది ఈ మందు చేరడం వల్లనే. కాబట్టి ‘నెమ్మదించిన క్రిమి మీద మందు పనిచేయదు’ అన్న మాటను ఇలా దిద్దుకోండి: కొన్ని మందులు పనిచేయవు, కొన్ని ఆలస్యంగా పనిచేస్తాయి, ఒకటి మాత్రం అక్కడే బాగా పనిచేస్తుంది. నాలుగు మందులను కలిపి ఇవ్వడంలోని లెక్క అదే.

మరో లెక్క కూడా ఉంది. ఊపిరితిత్తిలో పుండు పడి గుల్ల ఏర్పడితే అక్కడ పది కోట్ల వరకు క్రిములు ఉండవచ్చు. పది లక్షల క్రిముల్లో సుమారు ఒకటి, మందు చూడకముందే, ఐసోనియజిడ్‌ను తట్టుకునేదిగా పుడుతుంది. రిఫాంపిసిన్‌కు అది పది కోట్లలో ఒకటి. రెండింటినీ ఒకేసారి తట్టుకునేది పుట్టాలంటే కోటి కోట్లలో ఒకటి కావాలి. అన్ని క్రిములు ఏ మనిషిలోనూ ఉండవు. ఒకే మందు ఇచ్చిన రోజుల్లో ఏమైందో చరిత్రలో ఉంది: స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి బ్రిటన్‌లో 1948లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో, మొదట బాగా కోలుకున్నవారిలో చాలామందికి నిరోధక క్రిములు పుట్టుకొచ్చాయి.

ఇప్పుడు మీ ప్రశ్నకు కీలకమైన చోటికి వచ్చాము. క్రిమి ఎందుకు నెమ్మదిస్తుంది? మందు ఒక్కటే కారణం కాదు. మన శరీరం దాన్ని గడ్డకట్టిన కణాల గోడ మధ్య బంధించినప్పుడు లోపల ఆక్సిజన్ తగ్గుతుంది. రక్షక కణాలు నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి. ఈ రెండింటినీ పసిగట్టే జన్యువుల గుంపు క్షయ క్రిమిలో ఉంది. అది మేల్కొనగానే క్రిమి చీలడం తగ్గించుకుంటుంది, ఖర్చు తగ్గించుకుంటుంది, మన కణాల కొవ్వును తెచ్చుకుని తన లోపల చిన్న చిన్న బిందువులుగా నిల్వ చేసుకుంటుంది. రోగుల తెమడలో కూడా ఇలా కొవ్వు బిందువులు నింపుకున్న క్రిములు కనబడ్డాయి. పొలం ఉన్నవారికి తుంగ సంగతి తెలుసు. పైన ఆకు మాడినంత మాత్రాన తుంగ పోదు. భూమిలో గడ్డలుంటాయి, ఒక వాన పడితే మళ్లీ లేస్తాయి. ఆకు ఉన్నప్పుడే మందు గడ్డకు దిగుతుంది. నిద్రపోతున్న గడ్డకు దిగదు. అది మొలకెత్తినప్పుడల్లా మళ్లీ కొట్టుకుంటూ పోవలసిందే. మీ తమ్ముడి ఊపిరితిత్తుల్లో ఇప్పుడు మిగిలినవి అలాంటి గడ్డలు. ఒకటి ఈ వారం మేల్కొంటుంది, మరొకటి మూడో నెలలో మేల్కొంటుంది. మేల్కొన్న రోజున రక్తంలో మందు ఉండాలి.

దీనికి రుజువు కూడా ఉంది. మోక్సిఫ్లోక్సాసిన్ అనే మందును చేర్చి నాలుగు నెలల్లో చికిత్స ముగించవచ్చా అని పెద్ద ఎత్తున చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2014లో వెలువడ్డాయి. కొత్త పద్ధతిలో తెమడలోని క్రిములు పాతదానికంటే త్వరగానే మాయమయ్యాయి. అయినా నాలుగు నెలలకు ఆపినవారిలో వ్యాధి తిరగబెట్టడం ఆరు నెలలు వాడినవారికంటే ఎక్కువగా జరిగింది. పెరిగే క్రిములను త్వరగా చంపడమూ, మిగిలిన నిద్రాణ క్రిములను తుడిచిపెట్టడమూ వేర్వేరు పనులని అప్పుడు బాగా తెలిసివచ్చింది. తర్వాత రిఫాపెంటిన్, మోక్సిఫ్లోక్సాసిన్ కలిసిన మరో నాలుగు నెలల పద్ధతి 2021లో నెగ్గింది. కాలం తగ్గించడం అసాధ్యం కాదు. కానీ అది వేరే మందుల కూర్పు. మీ తమ్ముడు వాడే మందులకు పరీక్షించి నిలబెట్టిన గడువు ఆరు నెలలే. నాలుగు నెలలకు ఆపినా చాలామందికి తిరగబెట్టకపోవచ్చన్న మాట నిజమే. అయితే ఎవరికి తిరగబెడుతుందో ముందుగా చెప్పగల పరీక్ష ఇంతవరకు లేదు.

క్రిమి జీవక్రియను సూటిగా కొట్టే కొత్త మందు ఒకటుంది. ఆ పేరు మీ తమ్ముడికి అవసరపడకూడదనే కోరుకుంటున్నాను. మందులకు లొంగని క్షయకు ఇచ్చే బెడాక్విలిన్ అది. ప్రతి ప్రాణికీ శక్తి నాణెం ఏటీపీ అని మీరు చదివే ఉంటారు. ఆ ఏటీపీని 1929లో కండరంలో కనుగొన్నవారిలో, జర్మనీలో విడిగా కనుగొన్న లోమన్‌తో పాటు, హార్వర్డ్‌లో ఫిస్కే దగ్గర పనిచేస్తున్న మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు కూడా ఉన్నారు. 2005లో లోకానికి తెలిసి, 2012లో అమెరికాలో అనుమతి పొందిన బెడాక్విలిన్, క్షయ క్రిమిలో ఏటీపీని తయారుచేసే తిరగలిలాంటి యంత్రాన్ని తిరగనివ్వకుండా ఆపుతుంది. మన కణాల్లోని అదే యంత్రం మీద దాని పట్టు వేల రెట్లు తక్కువ. ఆశ్చర్యం ఏమిటంటే, క్రిమిలో ఏటీపీ పడిపోయినా అది వెంటనే చావదు. తొలి కొన్ని రోజులు ఖర్చులన్నీ తగ్గించుకుని, చక్కెరను విరిచి నేరుగా వచ్చే కొద్దిపాటి ఏటీపీతో నెట్టుకొస్తుంది. ఆ తర్వాతే చావులు మొదలవుతాయి. ప్రయోగశాలలో ఆ చక్కెర దారిని కూడా మూసేస్తే క్రిమి త్వరగా చస్తోందని 2020లో చూపారు. నిద్రపోతున్న క్రిమికి కూడా కొంత ఏటీపీ కావాలి గనుక ఈ మందు దాన్నీ వదలదు. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మోక్సిఫ్లోక్సాసిన్ కలిసిన ఆరు నెలల చికిత్సకు 2024లో మన దేశంలోనూ ఆమోదం వచ్చింది. అది రిఫాంపిసిన్ పనిచేయనివారికి చేసుకున్న ఏర్పాటు. ఇప్పుడున్న మాత్రలు మధ్యలో మాని, అక్కడిదాకా తెచ్చుకోవడం ఎందుకు?

ఇక గుడ్లూ నెయ్యీ. మీ భయం నాకు అర్థమైంది. క్షయ క్రిమి మన కణాల పొరల్లోని కొలెస్టరాల్‌ను లోపలికి లాక్కుని తినగలదు, కొవ్వు ఆమ్లాలను తినగలదు. చక్కెరనూ కొవ్వునూ ఒకేసారి వాడుకోగల ఓపిక కూడా దానికి ఉంది. ఇంకో మాట చెప్పాలంటే, మేము ప్రయోగశాలలో దాన్ని పెంచే పాత మాధ్యమాన్ని కోడిగుడ్లతోనే చేస్తాము. అయినా మీ తమ్ముడి కంచంలోని గుడ్డు క్రిమి దగ్గరికి గుడ్డుగా వెళ్లదు. క్రిమి తినేది తాను దాక్కున్న కణంలోని కొలెస్టరాల్‌ను. ఆ కణం దాన్ని తానే తయారుచేసుకోగలదు. మీరు నెయ్యి మానిపిస్తే క్రిమికి కరువు రాదు. కరువు వచ్చేది మీ తమ్ముడి కండకూ, క్రిమిని బంధించి ఉంచే రక్షక కణాలకూ. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, రోగి ఇంటివారికి అదనపు తిండి ఇచ్చినప్పుడు వారిలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. రోగుల్లో తొలి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవారికి చావు ముప్పు చాలా తక్కువగా కనబడింది. మీ తమ్ముడు ఆరు కిలోలు పెరిగాడు. నిండుగా పెట్టండి. గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు, వేరుశనగలు ఏవి అందితే అవి పెట్టండి. క్షయ రోగుల తిండి కోసం ప్రభుత్వం పెట్టిన నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు వచ్చే వెయ్యి రూపాయలు అతని బ్యాంకు ఖాతాలో పడుతున్నాయో లేదో ఆశా కార్యకర్తను అడగండి.

అయితే తిండి మందుకు బదులు కాదని చెప్పిన పరీక్ష మన పక్కనే, మద్రాసులో జరిగింది. 1956లో అక్కడ నెలకొల్పిన క్షయ చికిత్సా కేంద్రంవారు కొందరు రోగులను శానిటోరియంలో (క్షయ రోగులను ఉంచే ఆసుపత్రిలో) ఉంచి మంచి తిండి, విశ్రాంతి ఇచ్చారు. మరికొందరిని వారి వారి ఇరుకు ఇళ్లలోనే, తక్కువ తిండితోనే ఉంచి అవే మందులు ఇచ్చారు. 1959లో వెలువడిన ఫలితాల్లో ఏడాది చికిత్స తర్వాత రెండు వర్గాలవారూ దాదాపు ఒకే తీరున కోలుకున్నారు. మదనపల్లె ఆరోగ్యవరం వంటి శానిటోరియాల్లో మంచం దొరికితే తప్ప బతుకు లేదనుకున్న కాలానికి ఆ ఫలితం ముగింపు పలికింది. క్రిమిని చంపేది మందు. మనిషిని నిలబెట్టేది తిండి. మీ తమ్ముడికి రెండూ కావాలి.

విటమిన్ సి సంగతి: న్యూయార్క్ శాస్త్రవేత్తలు 2013లో అది గొట్టంలోని క్షయ క్రిమిని చంపుతోందని చూపిన మాట నిజం. అధిక మోతాదులో అది ఇనుముతో కలిసి, క్రిమిలో తీవ్రమైన ఆక్సీకరణను పుట్టిస్తుంది. కానీ అది గొట్టంలో జరిగిన పని. దాన్ని మనుషులకు చికిత్సగా ఎవరూ నిలబెట్టలేదు. జామకాయ, ఉసిరికాయ తిననివ్వండి. మాత్రల మీద డబ్బు పోయవద్దు.

మోకాళ్ల నొప్పులు చాలావరకు పైరాజినమైడ్ వల్లనే అయి ఉంటాయి. అది మూత్రపిండాల ద్వారా యూరిక్ ఆమ్లం బయటికి పోవడాన్ని తగ్గిస్తుంది. మామూలుగా రెండు నెలలకే ఆ మందు ఆగిపోతుంది గనుక నొప్పులు కొద్ది వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. మూత్రం నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ రంగు, భయం లేదు. అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు వస్తే చెప్పాలి. ఐసోనియజిడ్ బి6 విటమిన్‌ను హరిస్తుంది, దానికి మాత్ర రాస్తారు. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ రంగులు కలిసిపోయినట్టు కనబడినా అది ఇథాంబ్యుటాల్ ప్రభావం కావచ్చు. ఆ మందు మరో నాలుగు నెలలు సాగుతుంది గనుక దీన్ని గుర్తుంచుకోండి. కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, అన్నం చూస్తేనే వెగటు కలగడం కాలేయం దెబ్బతింటున్న గుర్తులు. అప్పుడు మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మద్యం పూర్తిగా మానాలి. రిఫాంపిసిన్ ఖాళీ కడుపున బాగా ఒంటబడుతుంది. కడుపులో మంటకు తాగే యాంటాసిడ్‌ను మాత్రలతో కలిపి వేసుకోకూడదు.

ఎవరూ గమనించక జారిపోయే చిన్న విషయం ఒకటి ఉంది. ప్రభుత్వ మాత్రలను బరువును బట్టి ఇస్తారు. 35 నుంచి 49 కిలోల వరకు రోజుకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు. మీ తమ్ముడు 45 నుంచి 51కి వచ్చాడు; ఐదు కిలోలకు పైగా పెరిగి, మెట్టు కూడా దాటాడు. మూడో నెల మందు తీసుకునే రోజున బరువు తూయించి, మాత్రల సంఖ్య మార్చాలేమో వైద్యాధికారిని అడగండి. తక్కువ మోతాదు అంటే మేల్కొన్న క్రిమికి మందు చాలకపోవడమే.

పాప విషయం ఆలస్యం చేయవద్దు. ఐదేళ్లలోపు పిల్లల్లో ఈ క్రిమి త్వరగా వ్యాధిగా మారుతుంది. ముందు పాపకు దగ్గు, జ్వరం, బరువు పెరగకపోవడం ఉన్నాయేమో డాక్టరు చూడాలి. వ్యాధి లేదని తేలితే నివారణ మందు ఇస్తారు: ఆరు నెలలు రోజూ ఐసోనియజిడ్ గానీ, రెండేళ్లు దాటినవారికి వారానికోసారి చొప్పున 12 వారాలు ఐసోనియజిడ్, రిఫాపెంటిన్ గానీ. వ్యాధికి నాలుగు మందులు కావలసినచోట నివారణకు ఒకటి రెండు సరిపోతాయి. లోపల ఉన్న క్రిములు బహు కొద్ది గనుక వాటిలో నిరోధకమైనది పుట్టి ఉండే అవకాశం లేనంత తక్కువ. అయితే మీ తమ్ముడి నుంచి వచ్చిన క్రిమికే ఐసోనియజిడ్ పనిచేయకపోతే ఈ లెక్క తప్పుతుంది. మామూలుగా మొదట చేసే సీబీనాట్ పరీక్ష (తెమడలో క్షయ క్రిమి జన్యువును వెదికేది) రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో మాత్రమే చెబుతుంది. ఐసోనియజిడ్ కోసం విడిగా పరీక్ష చేశారో లేదో అతని కాగితాల్లో చూసి, ఆ కాగితాలను పాపతో పాటు తీసుకెళ్లండి.